మధ్యాహ్నపు ఊపిరి

కొత్త మాస్కు ఏది వచ్చినా మార్తా దాని అంచును ముందు తన చెంపకే ఆనించి చూసుకుంటుంది. రబ్బరు మెత్తగా ఉందో, చలికి బిరుసెక్కిందో వేలికి తెలియదు, చెంపకు తెలుస్తుంది. ఆ ఉదయం కూడా షాపు వెనక గదిలో కోటు విప్పకుండానే నిలబడి, అట్టపెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి ఎడమ చెంపకు ఆనించి, కళ్ళు మూసుకుని ఒక క్షణం ఆగి, స్పిరిటు గుడ్డతో తుడిచి పక్కన పెడుతోంది. ఒకదాన్ని మాత్రం తిరిగి పంపే డబ్బాలో వేసింది. దాని అంచులో నలుసంత గరుకు ఉంది. షాపులో నిలబడి చూసేవాళ్ళకు ఆ గరుకు పట్టదు. రాత్రంతా మొహానికి కట్టుకుని పడుకునేవాళ్ళకు పడుతుంది.

మార్తా పొట్టి మనిషి. అరవైకి దగ్గర పడింది. నెరిసిన జడను చుట్టి పిన్నులు గుచ్చుకుంటుంది. చలికీ, రోజూ రాసుకునే శానిటైజరుకూ వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, సన్నటి ఎర్ర గీతలు పడ్డాయి. కళ్ళజోడు నల్లతాడుతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది. నడిచేటప్పుడు కుడికాలు కాస్త ఆలస్యంగా వస్తుంది. మాట తక్కువ. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ మొహం కంటే వాళ్ళ గొంతు కింద గుంటను ఎక్కువగా చూస్తుంది. అది ఆవిడకు వయసులో ఉన్నప్పటి తొలి ఉద్యోగం నేర్పిన అలవాటు.

షాపు కెనడాలో, బ్రాంప్టన్‌లో ఒక ప్లాజాలో ఉంది. ఒకవైపు పిజ్జా షాపు, ఇంకొకవైపు ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంటు ఆఫీసు. ఆ ఆఫీసు ముందు తెల్లారేసరికే పిల్లలు క్యూ కడతారు. ఇండియా నుంచి వేసుకొచ్చిన పల్చటి జాకెట్లలో, చేతులు చంకల్లో దాచుకుని, మంచులో కాళ్ళు మార్చి మార్చి నిలబడతారు. రెండేళ్ళ కింద అక్కడ అంతమంది లేరు. ఇప్పుడు పిజ్జా షాపువాడు పొద్దున్నే టీ కూడా అమ్ముతున్నాడు.

మార్తా కోటు కొక్కేనికి తగిలించి కంప్యూటరు ముందు కూర్చుంది.

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయేవాళ్ళకు ఆ షాపు మెషీన్లు ఇస్తుంది. తలగడ పక్కన పెట్టుకునే చిన్న పెట్టె. దానికొక గొట్టం, గొట్టం చివర మాస్కు. గొంతు మూసుకుపోతుంటే మెషీన్ తనే కనిపెట్టి గాలి ఒత్తిడి పెంచుతుంది. తెరుచుకుంటే తగ్గిస్తుంది. ఎంతవరకూ పెరగొచ్చో, ఎంతకు దిగొచ్చో ఆ హద్దులు మాత్రం మనిషి పెట్టాలి. డాక్టరు చెబుతాడు, మార్తా పెడుతుంది. రాత్రి ఎవరు ఎలా నిద్రపోయారో తెల్లారేసరికి ఆ గీతలన్నీ వాటంతటవే షాపు కంప్యూటరులోకి వచ్చేస్తాయి. ఎవరి మాస్కు జారిందో, ఎవరు నడిరాత్రి విసుగొచ్చి విప్పి పారేశారో, ఎవరు ఎన్నాళ్ళకో ఒళ్ళెరగకుండా పడుకున్నారో మొదట చూసేది మార్తానే. వాళ్ళింట్లో వాళ్ళకంటే ముందు.

ఆవిడ పేర్ల వెంట కిందికి దిగుతూ పోయి, సాయి తేజ అన్న పేరు దగ్గర ఆగింది.

రాత్రి గీత ఉంది. పగటి గీత లేదు.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నిన్న పగలు లేదు. మొన్న పగలూ లేదు. మొన్న ఆదివారం కాబట్టి ఎక్కడికైనా వెళ్ళి ఉంటాడని నిన్న సరిపెట్టుకుంది. ఇవాళ సరిపెట్టుకోవడానికి ఏమీ లేదు.

సాయి తేజ కరీంనగర్ పిల్లవాడు. కాలేజీ మొదటి సెమిస్టరులో క్లాసులో నిద్రపోతున్నాడని ఎవరో డాక్టరు దగ్గరికి పంపితే ఈ జబ్బు బయటపడింది. బక్కపల్చటి మనిషి, చిన్న దవడ. చిన్న సైజు మాస్కు సరిపోయింది. గాలి పై హద్దు తొమ్మిదిలో పెట్టారు, అది వాడికి చాలా ఎక్కువే. డిసెంబరులో ఒకరోజు వచ్చి, పెద్ద సైజు మాస్కు కావాలన్నాడు.

"పెద్దది నీకెందుకు బాబూ?"

"మొహం లావైంది ఆంటీ. ఇక్కడి తిండికి."

మార్తా వాడి మొహం వంక చూసింది. దవడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"అవునవును," అంది. "బాగా లావయ్యావు."

పెద్ద మాస్కు ఇచ్చి పంపించింది. ఆ మర్నాటి నుంచే పగటి గీతలు మొదలయ్యాయి. రాత్రి సాయి తేజ గీత ఎప్పటిలాగే ఆరూ ఏడూ మధ్య నెమ్మదిగా నడుస్తుంది. పొద్దున్న ఆగుతుంది. కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది. సాయి తేజ కాలేజీలో ఉండే వేళ అది. ఆ రెండో గీత చకచకా పైకెక్కి, తొమ్మిది దగ్గర హద్దుకు తగిలి, ఇంక పైకి పోలేక బల్లలాగా చదునుగా సాగేది. దాని కింద ఊపిరి ఆగిన గుర్తులు ముళ్ళకంచెలాగా. ఎవరో బరువైన మనిషి. వయసులో పెద్దవాడు. రాత్రి షిఫ్టు చేసొచ్చి, సాయి తేజ లేచి వెళ్ళిన మంచం మీదే వెచ్చదనం పోకముందు పడుకుంటున్నాడు. బేస్‌మెంట్ గదుల్లో ఒక మంచానికి ఇద్దరు ఉంటారని ప్లాజాలో అందరికీ తెలుసు. ఒక మెషీన్‌కు ఇద్దరు ఉండటం మాత్రం మార్తా అప్పుడే చూసింది.

ఒకరికి రాసిన మెషీన్ ఇంకొకరు వాడకూడదు. అది షాపు నియమం. పైకి చెబితే మెషీన్ వెనక్కి తెప్పిస్తారు. అప్పుడు సాయి తేజకూ ఉండదు, ఆ మనిషికీ ఉండదు. చెప్పకుండా ఊరుకుంటే రోజూ ఆ మనిషి తొమ్మిది కింద ఊపిరాడక గింజుకోవడం చూస్తూ కూర్చోవాలి.

కొన్నాళ్ళు చూసింది. తర్వాత ఒకరోజు డాక్టరుకు ఫోన్ చేసి, సాయి తేజ మెషీన్ పై హద్దుకు తగులుతోందని చెప్పింది. అది అబద్ధం కాదు. ఎవరికి తగులుతోందో ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు. "పెంచండి," అన్నాడాయన. ఆవిడ హద్దును పదిహేనుకు ఎత్తింది. రాత్రి పిల్లవాడికి దానివల్ల తేడా లేదు. మెషీన్ వాడికి కావలసినంతే ఇస్తుంది. పగలు మాత్రం గీత తొమ్మిది దాటి, పది దాటి, పదమూడు దగ్గర స్థిమితంగా నిలబడింది. దాని కింద ముళ్ళు రాలిపోయాయి. ఆ మర్నాడు మధ్యాహ్నం మార్తా పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని, తినడం మరిచిపోయి ఆ గీతనే చూసింది.

ఇప్పుడా గీత లేదు.

హద్దు ఎత్తింది తను. ఆ మనిషిని ఎవరూ పరీక్ష చేయలేదు. గుండె ఎలాంటిదో తెలియదు, వేసుకునే మందులేమిటో తెలియదు. పేరు కూడా తెలియదు. మార్తా చేతివేళ్ళు చల్లబడ్డాయి. వాటిని చంకల్లో పెట్టుకుంది, బయట క్యూలో పిల్లల్లాగా.

*

పదింటికి బాలత్రిపురసుందరి వచ్చింది. తెనాలి ఆవిడ, కొడుకు దగ్గర ఉంటోంది. మాస్కులోంచి గాలి కారిపోతోందని ఫోన్ చేసి పిలిపించింది మార్తానే. ఆవిడ స్వెటరు మీద శాలువా, శాలువా మీద కోటు విప్పుకుంటూ, మెషీన్ ఉన్న సంచిని బల్ల మీద దబ్బున పెట్టింది.

"ఇదేం మెషీనమ్మా, రాత్రంతా బుస్సుమంటుంది. మా ఆయన హాల్లోకి వెళ్ళి పడుకుంటున్నాడు."

మార్తా నీళ్ళ డబ్బా మూత తీసింది. ఘాటు ముక్కుపుటాలకు తగిలింది.

"నీళ్ళల్లో ఏమన్నా కలిపారా అండీ?"

"అబ్బే. ఏం కలపలేదు."

మార్తా మూత ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది.

"ఓ రెండు చుక్కలు నీలగిరి తైలం," అంది బాలత్రిపురసుందరి. "ముక్కు దిబ్బడ వదులుతుందని. తప్పా?"

"ఊపిరితిత్తుల్లోకి పోతుందండీ. ఉత్త నీళ్ళే పోయాలి. కాచి చల్లార్చినవి."

"సరే. మరి ఆ బుస్సు?"

ఆవిడ ముక్కుకు రెండువైపులా ముక్కుపుడకలున్నాయి. కుడివైపుది ఏడురాళ్ళది, బొద్దుగా. మార్తా దాన్ని చూడటం గమనించి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది తియ్యను. పెళ్ళినాడు పెట్టింది. ఆపరేషనుకే తియ్యలేదు, పెద్ద డాక్టరుతో పోట్లాడాను."

"తియ్యొద్దండీ."

మార్తా ఆవిడను కుర్చీలో కాకుండా మూలనున్న సన్నటి మంచం మీద పడుకోబెట్టింది. షాపులో మిగతావాళ్ళు కూర్చోబెట్టే మాస్కు కడతారు. మార్తా ఎప్పుడూ పడుకోబెట్టే కడుతుంది. మొహం నిలబడ్డప్పుడు ఒకలా ఉంటుంది, పడుకున్నప్పుడు ఇంకోలా జారుతుంది. "ఎటు తిరిగి పడుకుంటారు?" అని అడిగి, ఆవిడను ఎడమవైపుకు తిప్పి, తలకింద తలగడ సర్ది, ముక్కునూ నోటినీ కలిపి కప్పే పెద్ద మాస్కును పుడకలకు తగలకుండా చుట్టూ దించింది. పట్టీలు బిగించి మెషీన్ పెట్టింది. బుస్సు లేదు. బాలత్రిపురసుందరి కళ్ళు ఆశ్చర్యంగా తెరుచుకున్నాయి, తర్వాత మెల్లగా వాలాయి. మార్తా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ గొంతు గుంటను చూస్తూ ఉంది.

మాస్కు విప్పాక ఆవిడ వెంటనే లేవలేదు.

"హాయిగా ఉందమ్మా. నాకు గురకొస్తుందని నలభై ఏళ్ళు మా ఆయన చెబుతూనే ఉన్నాడు. నేనే నమ్మలేదు. తెల్లారి లేచి ఆయన్నే తిట్టేదాన్ని." నవ్వింది. "నీకూ వస్తుందా గురక? మీ ఆయనేమంటాడు?"

"చెప్పేవాళ్ళు లేరండీ."

బాలత్రిపురసుందరి మార్తా పగిలిన వేళ్ళను చూసి, "కొబ్బరినూనె రాసుకో తల్లీ," అంది. "చేతులకే. మొహానికి రాస్తే మాస్కు జారుతుందని ఫోన్లో చెప్పావుగా."

ఆవిడ వెళ్ళాక ముందు గదిలోంచి ప్రజ్వల్ వచ్చాడు. షాపు మేనేజరు, ముప్పై దాటిన కుర్రాడు. మర్యాద తెలిసినవాడు.

"ఆంటీ, ఒక మాట. నెక్స్ట్ మంత్ నుంచి డేటా అంతా కాల్గరీ ఆఫీసు టీమ్ చూస్తుంది. మనం ఫిటింగ్స్ మాత్రమే. మీకు కూడా ఈజీ అవుతుంది, పొద్దున్నే వచ్చి ఆ గ్రాఫులు చూడక్కర్లేదు."

"వాళ్ళు ఎవరెవరివి చూస్తారు?"

"అందరివీ. సాఫ్ట్‌వేర్ ఫ్లాగ్ చేస్తుంది కదా, ఏదైనా తేడా ఉంటే."

మార్తా తలూపింది. ఇద్దరి గీతలు ఒకే పేరు కింద ఉంటే సాఫ్ట్‌వేర్ ఏమంటుందో ఆవిడకు తెలుసు.

"ఇవాళ నాలుగింటికి వెళ్ళిపోతాను బాబూ. ఒక పేషెంట్ ఇంటికి వెళ్ళి ఫిల్టర్ మార్చాలి."

"ఫిల్టర్ పోస్ట్‌లో పంపేయొచ్చు కదా ఆంటీ, ఈ చలిలో."

"దార్లోనే," అంది మార్తా. దారి కాదు. ఆవిడ ఉండేది మిల్టన్‌లో. అది ఇటు, సాయి తేజ ఇల్లు అటు.

*

మధ్యాహ్నం డబ్బా విప్పి కూర్చుంది. అలవాటుగా చెయ్యి ఆ పేరు దగ్గరికే వెళ్ళింది. పాత పగటి గీతలు తిప్పి చూసింది.

పగటిమనిషి అని మనసులో పేరు పెట్టుకుంది. పడుకోగానే కాసేపు ఊపిరి పొట్టిగా ఉండేది, మెట్లెక్కి వచ్చినవాడిలాగా. తర్వాత పొడుగు సాగేది. రోజూ మిట్టమధ్యాహ్నం మెషీన్ ఆపి, కాసేపటికి మళ్ళీ పెట్టుకునేవాడు. మొదట్లో బాత్‌రూమ్‌కు అనుకుంది. తర్వాత తట్టింది: ఇక్కడ మధ్యాహ్నమైతే అక్కడ పిల్లలు నిద్రపోయే వేళ. మాస్కు విప్పి ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. ఫోన్ తర్వాత కొన్నిసార్లు ఊపిరి వెంటనే సర్దుకునేది. కొన్నిసార్లు చాలాసేపు సర్దుకునేది కాదు. ఏ పిల్లకు జ్వరమో, ఏం మాటపట్టింపో అనుకునేది మార్తా. సర్దుకున్నాకే డబ్బా మూత పెట్టేది. అది నిన్నటి ఊపిరి అని తెలుసు. అయినా అది నిమ్మళించేదాకా పక్కన ఉండాలనిపించేది.

నరసాపురం మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు, తుఫానుకు కరెంటు పోయిన రాత్రి, కట్లపాము కరిచిన కూలీ ఒకాయనకు ఊపిరి పడిపోయింది. మొహం మీద ఆనించి చేత్తో నొక్కే గాలిసంచి ఒకటి ఉంది. దాన్ని తెల్లవారేదాకా నొక్కింది మార్తా. "తొయ్యకు," అన్నారు పక్కనున్న పెద్ద నర్సమ్మ. "ఊపిరి ఎప్పుడైనా దానంతటది వస్తుంది. వచ్చినప్పుడు దాని వెనకాల నడువు." తెల్లారాక వచ్చింది. సన్నగా, దొంగలాగా. వారం తర్వాత ఆయన లేచి, భార్య భుజం పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తన ఊపిరి ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలియదు. మార్తాకూ చెప్పాలనిపించలేదు.

తర్వాత మస్కట్‌లో నర్సు ఉద్యోగం. తల్లి పోయిన ఇంట్లో తమ్ముడు డేవిడ్‌సన్ చదువు బరువు తన మీదే. ఎక్స్‌రే గదిలో పనిచేసే ఒకాయన పెళ్ళి మాట ఎత్తితే, తమ్ముడి చదువు అయ్యేదాకా ఆగమంది. ఆయన ఆగాడు. ఆ తర్వాత ఆగలేదు. కెనడా వచ్చాక నర్సు లైసెన్సు రాలేదు. మళ్ళీ చదివి ఈ పనిలో చేరింది. ఇప్పుడు మిల్టన్‌లో తమ్ముడి టౌన్‌హౌస్‌లో, పై అంతస్తులో, గరాజు మీది చిన్న గది ఆవిడది. ఆ గది గోడకు అవతల ఎవరూ పడుకోరు. కొత్తగా వచ్చిన ప్రతి పేషెంటునూ మార్తా మొదట అడిగే ప్రశ్న ఒకటే: పక్కన ఎవరు పడుకుంటారు? ఆ జబ్బు ఎవరికి వారికి తెలిసేది కాదు. పక్కన విన్నవాళ్ళు చెప్పాలి.

ఆ పగటిమనిషికి పక్కన ఎవరూ లేరు. మంచం పంచుకున్నవాడు కూడా ఆ వేళకు ఉండడు. వినేది తను ఒక్కతే.

ఎన్నిసార్లో అనుకుంది, ఆ ఇంటికి వెళ్ళి తలుపు తట్టాలని. పరీక్ష చేయించుకోండి, ఇలా దొంగచాటుగా కాదు, అని చెప్పాలని. తడితే అది తెలిసిన విషయమైపోతుంది. తెలిశాక ఆపాలి. అందుకని తట్టలేదు. అందుకనేనా అని ఇవాళ మొదటిసారి తనను తాను అడిగింది. డబ్బాలో అన్నం అలాగే ఉంది. మూత పెట్టేసింది.

*

బస్సు దిగేసరికి వెలుతురు బూడిదరంగుకు తిరిగింది. సాయి తేజ ఉండే ఇంటి పక్క సందులో ఒకరు నడిచేంత వెడల్పున మంచు తవ్వి ఉంది. బేస్‌మెంట్ తలుపు ముందు చెప్పుల గుట్ట. బూట్లు, చలికి పనికిరాని కాన్వాసు జోళ్ళు, ఒక జత రబ్బరు స్లిప్పర్లు. మార్తా ఆ జోళ్ళన్నింటినీ చూసింది. ఎవరివేవో పోల్చుకోవడానికి ఆవిడకు ఏం తెలుసని?

తలుపు తీసిన సాయి తేజ మొహంలో రంగు పోయింది.

"ఆంటీ, మీరా? మెషీన్ తీస్కపోనీకి వచ్చిన్రా?"

"కాదు. ఫిల్టర్ మార్చాలి."

మెట్లు దిగితే పోపు వాసన, తడి సాక్సుల వాసన. గదిలో నాలుగు మూలలా నాలుగు పరుపులు. సాయి తేజది కిటికీ కింద ఉంది. కిటికీకి సగం వరకు బయట మంచు. పరుపు పక్కన తిరగేసిన పాలక్రేటు మీద మెషీన్. మార్తా మోకాళ్ళ మీద కూర్చుని వెనక మూత తీసి, బూడిదపట్టిన పాత ఫిల్టరు లాగి, కొత్తది పెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"పెద్ద మాస్కు వాడేవాడు ఎక్కడ?" అంది, తల ఎత్తకుండానే.

వెనక సాయి తేజ అడుగు వెనక్కి పడింది.

"నిన్నేం అననయ్యా. మెషీన్ తీసుకుపోను. ఎలా ఉన్నాడో చెప్పు చాలు."

"మీకెట్ల తెలుసు ఆంటీ?"

"నువ్వు పగలు కాలేజీలో ఉంటావు. మెషీన్ ఇక్కడ ఉంటుంది."

సాయి తేజ పరుపు అంచున కూలబడ్డాడు. "అన్న తప్పేం లేదు ఆంటీ, నేనే ఇచ్చిన. నిద్రల ఊపిరి ఆగుతుండె. ఆదివారం మేమందరం ఇంట్ల ఉంటే మస్తు భయమైతుండె, లేపుతుంటిమి. డాక్టర్ దగ్గరికి పొమ్మంటే, వద్దు, గోదాముల ఫోర్క్‌లిఫ్ట్ నడపనియ్యరు, ఉద్యోగం పోతది అనేటోడు. నాకు మొహం లావైందని చెప్పి మీతోని పెద్ద మాస్క్ తెచ్చిన."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"టిమ్మిన్స్."

మార్తా వెనక్కి తిరిగింది.

"అంటే, నార్త్‌ల. అక్కడ ఒక హోటల్ల సూపర్‌వైజర్ జాబ్ ఇచ్చిన్రు. పర్మనెంట్‌గ ఉండనీకి పీ.ఆర్. తొందరగ వస్తదంట అక్కడైతే. శనివారం రాత్రి బస్సుకు పోయిండు. నిన్న ఫోన్ చేసిండు, గడ్డ కడుతుందంట చలి."

"బాగానే ఉన్నాడా?"

"మంచిగనే ఉన్నడు. ఏం ఆంటీ, ఏమైంది?"

మార్తా మెడ చుట్టూ ఉన్న మఫ్లరు విప్పింది. పొద్దున్నుంచీ అది మెడకు బిగుసుకునే ఉందని అప్పుడే తెలిసింది. పాలక్రేటు మీద చెయ్యి ఆనించి, తన ఊపిరి తనకు వచ్చేదాకా ఆగింది. సాయి తేజ గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. తాగింది.

"పేరేమిటి ఆయనది?"

"జనార్ధనరావు. మా సార్ ఆంటీ. హుస్నాబాద్‌ల ఇంటర్‌ల నాకు ఫిజిక్స్ చెప్పిండు. కాలేజ్ మూతపడ్డంక స్టూడెంట్ వీసా మీద వచ్చిండు. మొదట్ల సార్ అంటుంటి, నన్ను సార్ అనకురా, ఒక మంచం మీద పండేటోళ్ళం, అన్నా అను అన్నడు." కొంచెం నవ్వాడు. "క్లాసుల కూడా అంతే ఉండె, జోకులేసేటోడు. ఈ మెషీన్ గురించి కూడా. మొదాల్ల ఇది నన్ను గుర్తుపట్టలే తమ్మీ, ఇప్పుడిప్పుడే పడుతుంది అంటుండె. ఆటోమేటిక్ గదా, నా ఊపిరి అలవాటైందంట దానికి."

మార్తా గ్లాసు కింద పెట్టింది.

"అక్కడ పక్కన ఎవరుంటారు?"

"ఎవరు లేరు. హోటల్లనే సింగిల్ రూమ్ ఇచ్చిన్రంట. మస్తు ఖుష్ ఉన్నడు, సొంత మంచం అని."

"ఆయనకు చెప్పు," అంది మార్తా. మాటలు ఏరుకుంటూ నెమ్మదిగా. "అక్కడ డాక్టరుకు చూపించుకోమను. భయపడొద్దను. మెషీన్ వాడితే బండి నడపనిస్తారు, వాడకపోతేనే ఇబ్బంది. పదమూడు దగ్గర ఆయనకు ఊపిరి సరిపోతుంది, ఆ సంగతి డాక్టరుతో చెప్పమను. ఇవాళే ఫోన్ చెయ్యి."

"పదమూడు," అన్నాడు సాయి తేజ. "ఎవరు చెప్పిన్రని చెప్పాలె ఆంటీ?"

మార్తా పాత ఫిల్టరును మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"షాపువాళ్ళు చెప్పారని చెప్పు."

మెషీన్ వైపు తిరిగింది. మీట నొక్కి పట్టుకుంటే మార్పులు చేసే పేజీ తెరుచుకుంది. పై హద్దు పదిహేను అని కనిపిస్తోంది. చక్రాన్ని వేలితో వెనక్కి తిప్పింది. అంకెలు ఒక్కొక్కటే దిగాయి. పదమూడు దగ్గర వేలు ఆగింది. మళ్ళీ తిప్పింది. తొమ్మిది వచ్చాక నొక్కి, తెర చీకటయ్యేదాకా చూసింది.

లేచేటప్పుడు సాయి తేజ చెయ్యి అందించాడు. గోడకు మేకు ఉంది. దానికి ఆ పెద్ద మాస్కు వేలాడుతోంది, కడిగి ఆరేసినట్టు శుభ్రంగా.

"ఇది పడేద్దామనుకున్న. నాకు పట్టదు గదా."

"ఇటివ్వు," అంది మార్తా.

*

మిల్టన్ చేరేసరికి ఇంట్లో వాళ్ళు అన్నాలు తినేశారు. డేవిడ్‌సన్ హాల్లో ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. అక్కను చూసి చెయ్యెత్తి, మళ్ళీ తెర వైపు తిరిగాడు. మేనకోడలు హోప్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"తిన్నావా అమ్మా?" అని అడిగింది మార్తా.

"యా, అత్తా. యువర్స్ ఈజ్ ఇన్ ద మైక్రోవేవ్," అని హోప్ మోకాళ్ళు పక్కకు జరిపి దారిచ్చింది.

గదిలో దీపం వేసి, మార్తా సంచిలోంచి మాస్కు తీసింది. వాడిన మాస్కు ఇంకొకరికి ఇవ్వకూడదు. షాపుకు తీసుకెళ్తే డబ్బాలో వేసేస్తారు. వచ్చే నెల నుంచి ఎవరు ఎలా నిద్రపోయారో కాల్గరీలో ఎవరో చూస్తారు. టిమ్మిన్స్‌లో సొంత మంచం దొరికిన మనిషి ఆ పాటికి డ్యూటీ దిగి ఉంటాడా, ఎక్కుతూ ఉంటాడా? ఇప్పుడు ఆయనకు పగటినిద్రో రాత్రినిద్రో కూడా తెలియదు. సాయి తేజ ఫోన్ చేశాడో లేదో తెలియదు. తెలుసుకునే వీలున్నది ఒక్క ఆయన పేరే, అది తెలిసింది.

మంచం మీద కూర్చుని మాస్కు అంచును అలవాటుగా చెంప దాకా తెచ్చింది. ఆనించలేదు. బల్ల మీద బైబిలు పక్కన పెట్టి, దాని మీదికి దీపం వంచి చూసింది. ఎడమవైపు కొక్కెం విరిగిపోతే పట్టీని ముడి వేసుకున్నాడు, చాక్‌పీసులు పట్టిన చెయ్యి వేసిన చిన్న ముడి, బిగువుగా, జారకుండా. ఆ పట్టీ ఇంకా ఒక తల వెడల్పుకే వంగి ఉంది. దాని చివర, గరుకుగా అంటుకునే చోట, ఒక నెరిసిన వెంట్రుక చిక్కుకుని, మార్తా ఊపిరి తగిలినప్పుడల్లా కొద్దిగా కదులుతోంది.